పార్కు మూలన ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన మా దీపాలు

గుంటూరు శివార్లలో మేముంటున్న లేఅవుటులో పార్కు కోసం వదిలిన స్థలానికి ఆగ్నేయ మూలన 160 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. మూల మాత్రం వాస్తు చూసే ఎంచారు. అమ్ముడుపోవలసిన ప్లాటు పక్కన ట్రాన్స్‌ఫార్మర్ పెట్టడానికి లేఅవుటు వేసేవారికి మనసొప్పదు కాబట్టి, పిల్లలు ఆడుకునే చోటే ఒక మూలను దానికి కేటాయించి, చుట్టూ గొలుసుకంచె వేసి, లోపల కంకర పరిచి చేతులు దులుపుకోవడం మామూలే. నిరుడు మా కాలనీ సంఘం ఆ పార్కు చుట్టూ ఉన్న నడకదారికి దీపాలు పెట్టించాలని తీర్మానించింది. ఒక్కొక్కటి 9 వాట్ల ఎల్ఈడీ చొప్పున 14 స్తంభాలు, అన్నీ కలిపి 126 వాట్లు. రెండు పాత సీలింగ్ ఫ్యాన్లు తినేంత కరెంటు కూడా కాదు. అంత చిన్న పనికి పెద్ద ఆలోచన దేనికని అందరూ అనుకున్నారు. ఒక కర్మాగారంలో విద్యుత్ నిర్వహణ విభాగంలో 26 ఏళ్లు పనిచేసిన నేను కూడా అలాగే అనుకొని, పని జరిగిన రెండు వారాలూ బెంగళూరులో మా అమ్మాయి దగ్గర ఉండిపోయాను.

ఆగస్టులో ఒక రాత్రి వానకు ట్రాన్స్‌ఫార్మర్ గద్దె మీదున్న పిన్ ఇన్సులేటర్, అంటే తీగ ఇనుముకు తగలకుండా మోసే దిమ్మ, పగిలింది. దాని మీదుగా వెళ్లే 11 కేవీ (11,000 వోల్టుల) జంపరు తీగ, అడ్డంగా ఉన్న ఇనుప క్రాస్ఆర్మ్ మీద వాలింది. టపాకాయ పేలినట్టు ఒక్క శబ్దం, ఆ వెంటనే కాలనీ అంతా చీకటి. సబ్‌స్టేషన్‌లో ఫీడర్, అంటే మా వైపు వచ్చే 11 కేవీ లైను, ట్రిప్పయింది. తెల్లవారాక లైన్‌మన్ బృందం లైన్ క్లియర్ (లైనులో సప్లై ఆపామన్న అనుమతి) తీసుకొని ఇన్సులేటర్ మార్చి వెళ్లింది. ఇళ్లకు సప్లై వచ్చింది గానీ, పార్కులో 14 దీపాలకు 9 వెలగలేదు.

మూడో స్తంభం అడుగున ఉన్న చిన్న తలుపు విప్పి చూస్తే కాలిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. ఎల్ఈడీకి తగ్గట్టు కరెంటును మార్చే డ్రైవర్ పెట్టె ఒకవైపు ఉబ్బి నల్లబడింది. స్తంభం నుంచి బయలుదేరిన 8 నంబరు జీఐ (జింకు పూత ఇనుము) తీగ గడ్డిలోంచి పాకుతూ కంచె దగ్గరకు వెళ్లి, జాలీలోంచి లోపలికి దూరి, ట్రాన్స్‌ఫార్మర్ ఎర్త్ గుంతలోని పైపుకు బిగించి ఉంది. ఆ తీగ జాలీని ఒరుసుకున్న చోట రెండింటి మీదా బియ్యపు గింజంత గుంట పడి, అంచులు కరిగి మెరుస్తున్నాయి. వెల్డింగు రాడ్డు ఒక్కసారి తగిలించి తీస్తే ఎలా ఉంటుందో అచ్చంగా అలాగే ఉంది. ఆ సమయంలో వాన పడుతూ ఉండబట్టి నడకదారిలో ఎవరూ లేరు.

పని చేసిన కాంట్రాక్టరును పిలిపించాను. "లైట్లు నాసిరకం సార్, కంపెనీతో మాట్లాడి మార్పిస్తాను" అన్నాడు. "అది సరే బాబూ, ఎర్త్ ఎందుకు అక్కడ కలిపావు?" అని అడిగాను. "పక్కనే డిపార్ట్‌మెంట్ వాళ్ల గుంత ఉండగా ఇంకోటి తవ్వడం దండగ కదా సార్. కాలనీ మొత్తంలో దానంత మంచి ఎర్త్ ఇంకెక్కడుంది?" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు, పని ఎగ్గొట్టాలనీ చూడలేదు. ఎర్త్ అంటే సున్నా వోల్టులనీ, ఎంత బలమైన ఎర్త్‌కు కలిపితే అంత క్షేమమనీ మనందరికీ నేర్పిన పాఠాన్నే అతను తు.చ. తప్పకుండా పాటించాడు. ఇంట్లో గ్రైండరుకూ, ఫ్రిజ్జుకూ ఆ పాఠం సరిపోతుంది. 11 కేవీ పరికరానికి ఎర్త్ చేసిన గుంత పక్కన మాత్రం ఆ పాఠమే మనుషుల ప్రాణం మీదకు తెస్తుంది.

ఎలాగో లెక్కతోనే చెప్పాలి. 11 కేవీ లైనులో ఒక ఫేజుకూ భూమికీ మధ్య ఉండే వోల్టేజీ 11,000ను 1.732తో భాగించగా వచ్చే 6,350 వోల్టులు. సబ్‌స్టేషన్‌లో 11 కేవీ వైపు న్యూట్రల్‌ను నేరుగా ఎర్త్ చేస్తారు. అందువల్ల మన గద్దె మీద ఫేజు ఇనుముకు తగిలితే కరెంటు మన ఎర్త్ పైపులోంచి నేలలోకి దిగి, నేలగుండా ప్రయాణించి సబ్‌స్టేషన్ ఎర్త్‌లోకి చేరుతుంది. ఆ దారిలో మన పైపు నిరోధం 9 ఓమ్‌లు, మిగిలినదంతా కలిపి 1 ఓమ్ అనుకుందాం. 6,350ను 10తో భాగిస్తే 635 ఆంపియర్లు. ఆ 635 ఆంపియర్లు 9 ఓమ్‌ల గుండా పోతున్నంతసేపూ మన ఎర్త్ పైపు మీద 5,715 వోల్టులు నిలిచి ఉంటాయి. అంటే లైనులో లోపాన్ని పసిగట్టే రిలే పనిచేసి ఫీడర్ ఆగేలోపు, అర సెకను గానీ ఇంకొంచెం ఎక్కువ గానీ, మనం సున్నా అనుకున్న ఆ పైపు ఐదున్నర వేల వోల్టులకు పైనే ఉంటుంది. దానికి 8 నంబరు తీగతో కట్టిన 14 ఇనుప స్తంభాలూ అంతే వోల్టేజీ మీద ఉంటాయి.

9 ఓమ్‌లు అనే అంకె నేను గాలిలోంచి తీసుకున్నది కాదు. మర్నాడు మా పాత సహోద్యోగి దగ్గర ఎర్త్ టెస్టర్ తెచ్చి, పార్కు మధ్యలో నాలుగు మేకులను ఒకే వరుసలో 2 మీటర్ల ఎడంతో దిగ్గొట్టి కొలిచాను. రీడింగు 2.4 ఓమ్‌లు వచ్చింది. దాన్ని 2 పైతోనూ (పై అంటే 3.14), 2 మీటర్ల ఎడంతోనూ గుణిస్తే మా నేల నిరోధకత, అంటే కరెంటును ఆ మట్టి ఎంత అడ్డుకుంటుందన్న కొలత, సుమారు 30 ఓమ్-మీటర్లని తేలింది. వాన పీల్చుకున్న నల్లరేగడికి అది సహజమైన విలువే. 40 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మీటర్ల పొడవు ఉన్న ఒక్క పైపును అలాంటి నేలలో దించితే ఎర్తింగుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 3043లోని సూత్రం ప్రకారం 9 ఓమ్‌ల చిల్లర వస్తుంది. అదే పైపును 300 ఓమ్-మీటర్ల మొరం నేలలో దించితే 90 ఓమ్‌లు దాటుతుంది. బొగ్గూ ఉప్పూ వేసి నీళ్లు పోస్తే కొంత తగ్గుతుందనుకోండి. నిజానికి గద్దె దగ్గర ఒకటికి మూడు గుంతలు ఉంటాయి: పిడుగు దెబ్బను నేలలోకి మళ్లించే లైట్నింగ్ అరెస్టర్లకు ఒకటి, బాడీకి ఒకటి, న్యూట్రల్‌కు ఒకటి. వాటి కలయికను బట్టి అంకెలు మారతాయి గానీ కథ మారదు. ఆ దారిలో ఎక్కువ నిరోధం ఎక్కడుంటే ఎక్కువ వోల్టేజీ అక్కడే పడుతుంది, మన పల్లెల్లోనూ లేఅవుట్లలోనూ అది గద్దె కింది గుంత దగ్గరే.

ఇక పైపు చుట్టూ ఉన్న నేల సంగతి. చెరువులో రాయి వేస్తే అలలు ఎలా తగ్గుతూ పోతాయో, పైపు మీది వోల్టేజీ కూడా దూరం వెళ్లేకొద్దీ నేలలో అలా తగ్గుతూ పోతుంది. ఆ 3 మీటర్ల పైపుకే లెక్కకడితే, 5,715 వోల్టులలో మీటరు దూరంలో నేలపై మిగిలేది సుమారు 1,830. రెండు మీటర్ల దూరంలో 1,200. మూడు మీటర్ల దూరంలో 880. పది మీటర్లకు 300, ఇరవై మీటర్లకు 150. కంచె పక్కన ఒక కాలు మీటరు దూరంలోనూ, రెండో కాలు రెండు మీటర్ల దూరంలోనూ వేసి నిలబడ్డవాడి రెండు పాదాల మధ్య 630 వోల్టులు ఉంటాయన్నమాట. దీన్నే స్టెప్ వోల్టేజీ అంటారు. వానాకాలంలో ట్రాన్స్‌ఫార్మర్ పక్కన మేస్తూ గేదెలు ఉన్నట్టుండి కూలిపోవడం పల్లెల్లో పెరిగిన వారందరికీ తెలిసిందే. ముందుకాళ్లకూ వెనుకకాళ్లకూ మధ్య దూరం మన అడుగు కంటే ఎక్కువ, పైగా ఆ దారి మధ్యలోనే గుండె ఉంటుంది.

మనిషి ఎంత తట్టుకోగలడన్నదానికి కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డాల్జీల్ అనే ఆచార్యుడు చేసిన పరిశోధనల ఆధారంగా సబ్‌స్టేషన్లు కట్టేవారు వాడే సూత్రం ఒకటుంది: 50 కిలోల మనిషికి, 0.116ను సెకన్లలో ఉన్న సమయపు వర్గమూలంతో భాగించగా వచ్చే ఆంపియర్లు. అర సెకనుకు అది 164 మిల్లీ ఆంపియర్లు. మా 30 ఓమ్-మీటర్ల తడినేల మీద నిలబడి ఇనుప వస్తువును చేత్తో తాకేవాడికి దీన్నిబట్టి 171 వోల్టులు దాటకూడదు. రెండు పాదాల మధ్యనైతే 194 దాటకూడదు. ఇందాకటి 630 పక్కన ఈ 194ను పెట్టి చూడండి.

ఇప్పుడు రెండు స్తంభాలను ఊహించుకుందాం. మొదటిది గుంతకు 10 మీటర్ల దూరంలో ఉంది, దాన్ని కాలనీ ఆఫీసు దగ్గరున్న వేరే ఎర్త్‌కు కట్టారు. ప్రమాదం జరిగిన ఆ అర సెకనులో స్తంభం సున్నాకు దగ్గరలో ఉంటుంది, దాని కింది నేల మాత్రం 300 వోల్టుల మీద ఉంటుంది. తాకినవాడికి తేడా 300 వోల్టులు, 171 కంటే బాగా ఎక్కువ. రెండోది గుంతకు 60 మీటర్ల దూరంలో, పిల్లల ఉయ్యాల పక్కన ఉంది, దాన్ని మా కాంట్రాక్టరు చేసినట్టు ట్రాన్స్‌ఫార్మర్ గుంతకే కట్టారు. స్తంభం 5,715 వోల్టుల మీద ఉంటే దాని కింది నేల 50 వోల్టుల మీద ఉంటుంది. తేడా 5,600కు పైమాటే. దూరంగా ఉన్నది క్షేమం, దగ్గరగా ఉన్నది ప్రమాదం అనుకునే మన లెక్క ఇక్కడ తలకిందులవుతుంది. దగ్గరున్న స్తంభం దగ్గర నేల వోల్టేజీ పైకి లేచింది. దూరపు స్తంభం దగ్గర ఆ గుంతలోని వోల్టేజీని మనమే తీగ కట్టి ఉయ్యాల దాకా మోసుకెళ్లాం.

అలా మోసుకెళ్లేది ఎర్త్ తీగ ఒక్కటే కాదు. ఆర్మర్డ్ కేబుల్ మీద కవచంలా ఉండే జీఐ పట్టీ (ఆర్మర్) కూడా తీగే. కేబుల్ చివరను పెట్టెకు పట్టి ఉంచే గ్లాండ్లు బిగించి రెండు చివర్లా దాన్ని ఎర్త్ చేయడం మనవాళ్లకు చేతికి అలవాటైన పని, కర్మాగారంలో అదే సరైన పని కూడా. ఇక్కడ మాత్రం ఆ పట్టీ ఒక చివర 5,715 వోల్టులు పట్టుకొని రెండో చివర వదులుతుంది. ఇనుప నీళ్ల పైపు, గొలుసుకంచె, గేటు మోటారుకు వెళ్లే కండ్యూట్, సీసీ కెమెరాకు వెళ్లే రాగి తీగల కేబుల్, అన్నీ అదే జాతివి. మా 9 డ్రైవర్లు కాలిపోవడానికి కారణం కూడా ఇదే. వాటి లోహపు పెట్టె స్తంభంతో పాటు వేల వోల్టులకు లేచింది, లోపలి ఫేజూ న్యూట్రలూ ఆ ఎత్తుకు లేవలేదు, మధ్యనున్న ఇన్సులేషన్ తట్టుకోలేక తెగింది. కంపెనీ లైట్లు నాసిరకమో కాదో నాకు తెలియదు గానీ, ఆ రాత్రికి మేలురకం లైట్లకూ అదే గతి పట్టేది.

కాంట్రాక్టరుకు ఇదంతా చెప్పాక అతను వేసిన ప్రశ్న మాత్రం చాలా మంచిది. "30 మిల్లీ ఆంపియర్ల ఆర్సీసీబీ పెట్టాను కదా సార్, అది కొట్టేయదా?" అన్నాడు. ఆర్సీసీబీ అనే లీకేజీ బ్రేకర్ చూసేది ఒక్కటే. ఫేజులో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగి వచ్చిందా లేదా అన్నదే దాని పని. 11 కేవీ లోపం వల్ల ఆ గుంత పైపు మీంచి ఎర్త్ తీగలోకి ఎక్కి, స్తంభం మీదుగా మనిషి చేతిలోకి దిగి, పాదాల్లోంచి మళ్లీ నేలలోకి పోయే కరెంటు ఆ పరికరం గుండా అసలు పోనే పోదు. దానికి తెలిసే అవకాశమే లేదు. ఓవర్‌లోడుకూ, షార్టుకూ మాత్రమే ట్రిప్పయ్యే ఎంసీబీ సంగతి చెప్పనే అక్కర్లేదు. దీపాల స్విచ్చు ఆపి ఉన్నా, ఫ్యూజు పీకేసి ఉన్నా కూడా స్తంభాలు లేచే వోల్టేజీలో మార్పుండదు. ఈ విషయం చెప్పినప్పుడు అతను కాసేపు మాట్లాడలేదు. "అంటే పగలు కూడానా సార్" అన్నాడు. పగలు కూడానే.

ఆర్సీసీబీ వద్దని దీని అర్థం కాదు. దీపం తీగ తెగి స్తంభానికి తగిలితే మనల్ని కాపాడేది అదే. దాని పుణ్యమా అని దీపాలకు సొంత ఎర్త్ పెట్టుకోవడం కూడా తేలికైంది. 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర ట్రిప్పయ్యే పరికరం ఉన్నప్పుడు, సొంత ఎర్త్ 200 ఓమ్‌లున్నా స్తంభం మీద నిలిచేది 6 వోల్టులే. అందువల్ల మంచి ఎర్త్ కోసం ట్రాన్స్‌ఫార్మర్ గుంత దాకా వెతుక్కుంటూ వెళ్లవలసిన అవసరం ఎవరికీ లేదు. ఆఫీసు దగ్గర మామూలు గుంత ఒకటి చాలు. అయితే ఎర్త్ సరిగా రాలేదని ప్యానెల్లో న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ చిన్న తీగతో లంకె వేసే అలవాటు మన ఎలక్ట్రీషియన్లలో ఇంకా పోలేదు. టెస్ట్ ల్యాంపు వెలుగుతుంది కాబట్టి ఎర్త్ వచ్చిందనుకుంటారు. న్యూట్రల్ గుంత గద్దె పక్కనే, బాడీ గుంతకు రెండు మూడు మీటర్లలోనే ఉంటుంది కాబట్టి, లోపం వచ్చినప్పుడు ఆ నేలలోని వోల్టేజీలో కొంత భాగం న్యూట్రల్‌కూ ఎక్కుతుంది. ఆ లంకె ఉంటే అది నేరుగా స్తంభాలకు చేరుతుంది. మా ఆఫీసు ప్యానెల్ విప్పినప్పుడు సరిగ్గా అలాంటి లంకె ఒకటి, పచ్చటి టేపు చుట్టి మరీ, దొరికింది. ఎప్పుడు ఎవరు వేశారో ఎవరూ చెప్పలేదు.

పాత పనినంతా తీసేసి మళ్లీ వేయించాం. ఖర్చు గురించి సంఘం సమావేశంలో జరిగిన చర్చ ఇక్కడ రాయను. మొదట చేసింది, పార్కు ప్లాను మీద గద్దెను కేంద్రంగా పెట్టి 20 మీటర్ల వ్యాసార్ధంతో ఒక వృత్తం గీయడం. ఇందాకటి లెక్కలో 20 మీటర్ల దగ్గర నేల 150 వోల్టులకు లేస్తుందని వచ్చింది కదా, అది 171 కంటే తక్కువ. ఈ 20 మీటర్లు మా నేలకు, మా గుంతకు, అర సెకను లెక్కకు సంబంధించినవి. దీన్ని తీసుకెళ్లి ఇంకో ఊళ్లో పెట్టకండి. ముఖ్యంగా మీ ప్రహరీకి అవతల 33 కేవీ సబ్‌స్టేషన్ ఉంటే ఇది అసలు చెల్లదు. అక్కడ ఉండేది ఒక్క పైపు కాదు, యార్డు అంతటా నేలలో పరిచిన ఇనుప పట్టీల వల. వల ఎంత పెద్దదైతే దాని వోల్టేజీ నేలలో అంత దూరం పాకుతుంది. అక్కడ లోపం వస్తే నేల ఎంత లేస్తుందో ఆ సబ్‌స్టేషన్ డిజైన్ చేసినవారి దగ్గర లెక్క ఉంటుంది, దాన్ని అడిగి తీసుకోవాలి. బ్రిటన్‌లో ఆ లెక్క 430 వోల్టులు దాటితే, లోపాన్ని త్వరగా తొలగించే లైన్లకైతే 650 దాటితే, ఆ స్థలాన్ని హాట్ సైట్ అని ముద్రవేసి, అందులోకి వెళ్లే టెలిఫోన్ కేబుళ్లకూ, చుట్టుపక్కల ఎర్త్‌లకూ వేరే నిబంధనలు పెట్టారు. మన దగ్గర అలాంటి ముద్ర బోర్డు మీద కనిపించదు కాబట్టి మనమే అడగాలి.

వృత్తంలోకి వచ్చిన 3 దీపాలకు కేబుల్ లేకుండా చేశాం. ప్లాస్టిక్ ఒంటితో, మోకాలి ఎత్తున ఉండే సోలార్ దీపాలు పెట్టాం. తీగ లేదు, ఎర్త్ లేదు, తాకడానికి ఇనుము లేదు. వెలుగు కొంచెం తక్కువే, మబ్బు పట్టిన వారంలో తొమ్మిదింటికల్లా మిణుకుమంటాయి. సోలార్ వద్దనుకున్నవారు డబుల్ ఇన్సులేషన్ ఉన్న, అంటే ఎర్త్ తీగ అవసరమే లేని దీపాలను, ఆర్మర్ లేని కేబుల్‌ను హెచ్‌డీపీఈ (ప్లాస్టిక్) పైపులో వేసి పెట్టుకోవచ్చు. అక్కడ చేయకూడనిది ఇనుప స్తంభం పెట్టి దానికి ఎక్కడి నుంచో ఎర్త్ తేవడం. మిగిలిన 11 దీపాలకు సప్లైని వాయవ్య మూలనున్న ఆఫీసు ప్యానెల్ నుంచి తెచ్చాం. కేబుల్ ఆ వృత్తాన్ని ఎక్కడా తాకకుండా, పార్కుకు అవతలి వైపు నుంచే రెండు కొమ్మలుగా వెళ్తుంది. పూర్తి చుట్టు తిప్పి కలపాలని కాంట్రాక్టరు అడిగాడు గానీ, కలిపితే ఆర్మర్ వృత్తంలోంచి వెళ్లాలి, అందుకే వద్దన్నాను. ఆర్మర్‌ను ఆఫీసు ఎర్త్‌కు కట్టి, చివరి స్తంభం దగ్గర ఆపేశాం.

తవ్వకం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే అసలు ప్రమాదం దీపాలు వెలిగాక కంటే గోతులు తవ్వేటప్పుడే దగ్గరగా వస్తుంది. మొదటిసారి జేసీబీతో ఒక్క పూటలో లాగించేశారు. ఈసారి కూలీలతో పలుగూ పారతో తవ్వించాం, అదీ ఒక గజం దూరానికొక చిన్న గొయ్యి తీసి, కింద ఏముందో చూసుకొని. తక్కువ వోల్టేజీ కేబుల్‌ను 750 మిల్లీమీటర్ల లోతున, రోడ్డు దాటే చోట మీటరు లోతున వేయాలని కేబుళ్లు వేయడానికి సంబంధించిన ప్రమాణం ఐఎస్ 1255 చెబుతుంది. 11 కేవీ కేబుల్ 900 మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. అంటే మన కందకం అడుగుకూ, ఇంతకుముందు ఎవరైనా వేసిన 11 కేవీ కేబుల్ వీపుకూ మధ్య జానెడు కూడా ఉండదు. రెండో రోజు మధ్యాహ్నం ఒక కూలీ పారకు ఇనుప పట్టీ తగిలి ఠంగుమంది. తుప్పుపట్టిన పాత పట్టీ, ఎందుకూ పనికిరానిదిలా కనిపించింది. "కోసి పారేద్దామా అయ్యా" అని రంపం కూడా తీశాడు. ఆపించాను. అది ట్రాన్స్‌ఫార్మర్ పాత గుంతకూ కొత్త గుంతకూ మధ్యనున్న లంకె. అలాంటి పట్టీని కోసిన క్షణంలో లైను మీద లోపం ఉంటే, కోసిన రెండు కొసల మధ్య వేల వోల్టులు నిలబడతాయి, రెండు చేతుల్లో రెండు కొసలు పట్టుకున్నవాడు ఆ ఖాళీని పూరిస్తాడు. లోపమేమీ లేకపోయినా, న్యూట్రల్ గుంతకు వెళ్లే తీగలో మూడు ఫేజుల లోడు సమానంగా లేనందువల్ల ఎప్పుడూ కొంత కరెంటు పారుతూనే ఉంటుంది. దాన్ని విప్పినప్పుడు నిప్పురవ్వ లేవడం నేను కళ్లారా చూశాను. కంచె లోపలి పనేదైనా, ఆఖరికి మా 8 నంబరు తీగను ఆ పైపు నుంచి విప్పడం కూడా, డిపార్ట్‌మెంట్ సిబ్బందిని పిలిచి, వాళ్లు సప్లై ఆపి లైన్ క్లియర్ తీసుకున్నాకే చేయించాం. విప్పిన మూడు నిమిషాల పనికి రెండు రోజులు ఎదురుచూశాం.

నల్లరేగడిలో ఇంకో చిక్కు ఉంది. వేసవిలో అది అరచెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చి, వానలకు మళ్లీ ఉబ్బుతుంది. ఆ లాగుడుకు కేబుల్ జాయింట్లు విడిపోతాయి, మట్టిపెళ్లల అంచులు పైతొడుగును కోస్తాయి. తొడుగు కోసుకుపోతే ఆర్మర్ నేలను తాకుతుంది, తాకిన చోట నేల ఏ వోల్టేజీ మీద ఉంటే దాన్ని పట్టుకుంటుంది. అందుకని కందకం అడుగున మూడంగుళాల మందాన జల్లెడ పట్టిన ఇసుక పోసి, కేబుల్ పరిచి, పైన మళ్లీ ఇసుక కప్పి, ఇటుకలు పేర్చి, మట్టి సగం నింపాక ఎర్రటి హెచ్చరిక టేపు పరిచాం. నీళ్ల పైపుకు అడుగు దూరం ఉంచాం. మధ్యలో ఒక్క జాయింటు కూడా లేకుండా స్తంభం నుంచి స్తంభానికి కేబుల్‌ను తెగకుండా తెచ్చి, ప్రతి మలుపులోనూ ఒక మీటరు వదులు వదిలాం.

ఇంత జరిగాక, పార్కును అందంగా తీర్చిదిద్దే పని తీసుకున్నాయన ఒక నమూనా బొమ్మతో వచ్చాడు. ట్రాన్స్‌ఫార్మర్ కంచె చుట్టూ, లోపలా ఉన్న కంకర తీసేసి పచ్చగడ్డి పరిచి, కంచె మీదకు కింది నుంచి రంగురంగుల దీపాలు వేస్తే ఆ మూల వికారంగా కనిపించదని ఆయన ఆలోచన. సంఘంలో సగం మందికి నచ్చింది. ఆ కంకర అక్కడ పడి ఉన్నది కలుపు మొలవకుండా మాత్రమే కాదు. తడిసినా కంకర నిరోధకత మూడు వేల ఓమ్-మీటర్ల దగ్గర ఉంటుంది. నాలుగంగుళాల మందాన అది పరిచి ఉంటే, దాని మీద నిలబడి తాకేవాడు అర సెకనుకు తట్టుకోగలిగే వోల్టేజీ 171 నుంచి సుమారు 675కు పెరుగుతుంది. లైన్‌మన్ హ్యాండిల్ పట్టుకొని సప్లై ఆపే ఏబీ స్విచ్ లాగేటప్పుడు అతని పాదాలకూ నేలకూ మధ్య ఉండేది ఆ రాళ్లే. దాని మీద మట్టి పోసి, గడ్డి వేసి, రోజూ నీళ్లు పెడితే ఆ రక్షణను మన చేత్తోనే తీసేసినట్టు. గడ్డి కంచెకు చాలా ఇవతలే ఆగింది, రంగుల దీపాలు కాగితం మీదే ఉన్నాయి. కంకర పల్చబడిన చోట ఇంకో ట్రాక్టరు లోడు తెప్పించి పోయించాం, ఆ లోడు మీద మాత్రం ఎవరూ బేరమాడలేదు.

ఏప్రిల్‌లో నేల బాగా ఎండినప్పుడు మళ్లీ మేకులు దిగ్గొట్టి కొలవాలి. నేల నిరోధకత పెరిగితే గుంత నిరోధం పెరుగుతుంది, రిలే పనిచేయడానికి పట్టే సమయమూ పెరగవచ్చు, అప్పుడు 20 మీటర్ల వృత్తాన్ని మళ్లీ గీయవలసి రావచ్చు. కాలనీ వెనక గేటు గద్దెకు 12 మీటర్ల దూరంలో ఉంది. దానికి మోటారు బిగించినప్పుడు ఇనుప కండ్యూట్‌లో ఎర్త్ తీగ తెచ్చారని మొన్ననే గమనించాను. సంక్రాంతి వెళ్లాక దాన్ని విప్పించి ప్లాస్టిక్ పైపులోకి మార్పించాలి, అంతదాకా మోటారు ఆపించి, గేటును చెక్కపిడి బిగించి చేత్తో తోయమని వాచ్‌మన్‌కు చెప్పాను.